ఓక్బాజ్గి వినే పద్ధతి

అబ్రెహెత్ సైకిల్ని భుజాన మోసుకుని వచ్చింది,
తొక్కుకుంటూ రాలేదు.
సగం రోగం అక్కడే తెలిసిపోయింది.

అస్మారాలో అప్పుడే మంచు విడుతోంది.
ఎదురింట్లో కాఫీ గింజలు వేయిస్తున్న పొగ.
"ఎక్కుడులో టక్కుమంటుంది,
దిగుడులో నోరెత్తదు.
ఎల్లుండి పోటీ," అంది ఒక్క ఊపిరిలో.

మా మేస్త్రి ఓక్బాజ్గికి వినపడదు.
మెదెబెర్ సంతలో రేకుల మీద సుత్తి మోతల మధ్య
నలభై ఏళ్లు పనిచేసి
చెవులు రెండూ అక్కడే వదిలేసి వచ్చాడు.
చప్పుళ్లు వినడానికే నన్ను పెట్టుకున్నాడు.
నేను విని, ఆయన మోచేతి మీద
వేలితో తట్టి చెప్పాలి,
ఎన్ని తిప్పులకి ఒకటి, ఎంత గట్టిగా.

పెడల్ తిప్పుకి ఒకటైతే క్రాంకుది.
రెండు తిప్పులు దాటి, కాస్త తటపటాయించి వస్తే
చైనులో ఏదో లంకె బిగుసుకుంది.
కాళ్లు ఆపినా ఆగకపోతే చక్రానిదే నేరం.
ఇదంతా నాకు ఎక్కాల్లా వచ్చు.
తీరా స్టాండుకెక్కిస్తే
డాక్టరు గుమ్మంలో పంటినొప్పిలా
చప్పుడు మాయం.

అయినా నేను ఊరుకోలేదు.
చైను కొలిచాను, సాగి ఉంది.
చూశావా అన్నట్టు అబ్రెహెత్ వైపు తలెగరేసి మార్చేశాను.
వీధి చివరి చడావు ఎక్కి వచ్చింది.
"అంటోంది."
స్పోకుల్ని జంటలు జంటలుగా పిసికాను.
ఒకటి వదులు. పావు తిప్పు బిగించాను.
"అంటోంది."
ఫ్రీహబ్బు పళ్లు, గేరు తీగ, సీటు గొట్టం,
దొంగతనం జరిగిన వీధిలో పోలీసులా
దొరికిన ప్రతివాడి మీదా చెయ్యి వేశాను.
"ఇంకా అంటోంది," అంది,
ఈసారి నా మొహం చూడకుండా.

ఓక్బాజ్గి టీ గ్లాసు కింద పెట్టాడు.
ఆమెని సీటెక్కించి, గోడకి ఆనించి,
బ్రేకు పట్టి పెడల్ మీద నిలబడమన్నాడు.
తను మోకాళ్ల మీద కూర్చుని
టైరుకీ ఎడమ గొట్టానికీ మధ్య
బొటనవేలు దూర్చాడు.
కళ్లు మూసుకున్నాడు.
ఆమె బరువు వేసింది.
చక్రం పక్కకి వచ్చి ఆయన వేలిని తాకింది,
నిద్రలో ఒత్తిగిలిన పిల్లాడిలా.
దిగింది. వెనక్కి పోయింది.

చక్రం విప్పి, క్విక్ రిలీజ్ కమ్మి లాగాడు.
కమ్మితో పాటే
ఇరుసు సగం ఆయన అరచేతిలోకి వచ్చింది.
రెండో సగం హబ్బులోనే ఉండిపోయింది.

విరిగిన చోట సగం నలుపు, తుప్పు,
ఎప్పటి పగులో.
మిగతా సగం తళతళా,
నిన్నటిదో మొన్నటిదో.
ఇన్నాళ్లూ ఆ రెండు ముక్కల్నీ
పెన్సిలు కంటే సన్నని కమ్మి
బిగబట్టి ఉంచింది.

అబ్రెహెత్ లెక్కపెట్టుకుంటోంది. తెలుస్తూనే ఉంది.
నెఫాసిత్ దాకా దిగుడు, పొగమంచు,
గంటకి డెబ్బై,
మలుపులో కోతులకి చెయ్యూపడం.
గోడకి జారబడి బూటు తాడు విప్పుకుంది,
మళ్లీ కట్టుకుంది.

ఆ కొలత ఇరుసు ఊళ్లో లేదు.
బిస్కెట్ల డబ్బాలోంచి మరెవరి చక్రానిదో పొడుగుది తీసి,
కోసి, మర అరగదీసి, నోటితో ఊది,
గ్రీజు రాసి, పక్కకి తొమ్మిదేసి గుండ్లు పేర్చబోతే
పదిహేడే ఉన్నాయి.
ముగ్గురం నేల మీద పాకాం.
పద్దెనిమిదోది ఆమె సాక్సు మడతలో దొరికింది.
ఆ రోజు తను నవ్వింది అప్పుడే.

సాయంత్రం చడావు ఎక్కి వచ్చింది.
వీధి మొదట్లోంచీ విన్నాను.
టైరు రొద, ఆమె ఎగశ్వాస,
ఎవరిదో రేడియో.

మేస్త్రి మోచెయ్యి చాపాడు.
వేలు పెట్టాను.
తట్టలేదు.
అలాగే ఉంచాను.

కాసేపు చూసి, చెయ్యి లాక్కుని,
పొద్దుటి టీ చల్లారిపోయిందని
నన్ను కసిరాడు.