ఎనిమిదో నెంబరు ముసుగు

క్లబ్బు గోడకి తొమ్మిది మేకులు.
నాకు దొరికేది ఎప్పుడూ ఎనిమిదోదే.
బూడిదరంగు ప్లాస్టిక్ చూరు,
తెగిన ఎలాస్టిక్ బదులు చేపల వల తాడు,
లోపల ఎవరెవరివో చెమట చారలు,
ఓ మూల బాల్‌పెన్నుతో "అమ్మా, వాంతి" అని
నాకంటే ముందు కూర్చున్నవాడి చేవ్రాలు.

పువెర్తో మోంత్‌లో ఆ రోజు
పదిరోజుల వాన వెలిసి
కాల్బూకో కొండ మీద మంచు
అప్పుడే తోమిన పళ్ళెంలా ఉందట.
"ఉందట" అనే అనాలి నేను.
పక్క సీట్లో దోన్ ఎలియాసార్ ఈల వేస్తూ
నా వంతు ఆకాశం కూడా తనే చూసేశాడు.

నాకు మిగిలినవి ఆరు గడియారాలు.
"దేనిమీదా స్థిరపడకు,
ఈగలా వాలు, ఈగలా లే" అంటాడు.
ఎత్తు, వేగం, దిక్కు,
మళ్ళీ ఆ బుల్లి క్షితిజం:
సగం నీలం, సగం మట్టి, నడుమ తెల్లగీత.
లోకమంతా కలిపి అరచేతి వెడల్పు.

చెవి లోపల ఎక్కడో ఓ చుక్క నీళ్ళు
చెప్పుడు మాటలు మొదలెడుతుంది:
ఒరుగుతున్నావు, ఎడమకి, పడిపోతున్నావే పిల్లా!
గీత మాత్రం మొహమాటం లేకుండా సమంగా ఉంటుంది.
తొలివారం చెవి మాటే విన్నాను.
ఎలియాసార్ ఒక్క చూపుడువేలితో
రెక్కల్ని మళ్ళీ సరిచేసేవాడు,
తిట్టకుండా. అదే సిగ్గు.

తర్వాత దొంగతనం నేర్చుకున్నాను.
చూరు కిందనుంచి దూరిన ఎండ
ఒళ్ళో మ్యాపు మీద పడుతుంది.
విమానం తిరిగితే అదీ జరుగుతుంది,
మోకాలి మీంచి మోచేతి మీదికి,
నిద్రలో చోటు మార్చుకునే పిల్లిలా.
దాన్ని చూసే మూడు రోజులు నడిపాను,
ముళ్ళు చూస్తున్నట్టు నటిస్తూ.
"బాగా తిప్పుతున్నావు మిల్యరాయ్," అన్నాడు.
తన ఉన్ని స్వెటర్ విప్పి
నా వైపు అద్దానికి వేలాడదీశాడు.
ఇంకేమీ అనలేదు.
గొర్రె వాసన, కట్టెపొగ వాసన.
ఆ మసకలో మొదటిసారి ముల్లుని నమ్మాను,
ప్రేమతో కాదు,
నమ్మడానికి ఇంకెవరూ లేక.

రెండు చలికాలాల తర్వాత
చైతెన్‌కి ఒంటరిగా.
వెనక సీటు నిండా మందుల పెట్టెలు,
ఒక సైకిలు చక్రం, ఎవరి పెళ్ళిదో కేకు.
పరీక్ష పాసైన కాగితం జేబులోనే ఉంది.
ఆన్‌కూద్ అఖాతం మీద మబ్బు
ఎదురు రాలేదు, ఉన్నట్టుండి అన్నివైపులా ఉంది.
తెలుపు. పాలు కాదు, దూది కాదు,
పోలిక పట్టుకోబోతే జారిపోయే తెలుపు.
చెవి పాత పాటే ఎత్తుకుంది.
ఇంక చాల్లే అనుకుని
కుడిచెయ్యెత్తి
ముసుగు పైకి తొయ్యబోయాను.

వేళ్ళకి వెంట్రుకలు తగిలాయి.

ముసుగు లేదు.
అది అక్కడ, ఎనిమిదో మేకుకి.
పక్క సీట్లో బెల్టు ఒక్కటే
ఎవర్నీ కట్టకుండా పడి ఉంది.
చెయ్యి ఎంతసేపు నుదుటి మీదే ఉందో,
దాన్ని దించడమే ఆ రోజు చేసిన కష్టమైన పని.
ఎత్తు. వేగం. దిక్కు. గీత.
ఈగ.

ఇరవై రెండు నిమిషాలు ముళ్ళ మీదే ఉన్నాను,
ఆ మాటకున్న రెండర్థాల్లోనూ.
మబ్బు ఎప్పుడు వదిలిందో చూడలేదు.
మోకాలి మీద వెచ్చగా ఏదో కదిలింది:
ఎండముక్క,
తప్పు చేసి తిరిగొచ్చిన పిల్లిలా.

దాన్ని ఏమీ అడగలేదు.
గీత సమంగా ఉందో లేదో ఇంకోసారి చూసి
అప్పుడు తలెత్తాను.