తొండం కోసిన రోజు

ఆరో తరగతిలో మా సారు
‘తోలు’కు నానార్థాలు రాయమన్నాడు.
ఒకటి, చర్మం.
రెండు, నడుపు: బండి తోలు, ఎద్దుల్ని తోలు, కపిల తోలు.
మూడోది నాకు తోచలేదు.
మా అబ్బనడిగితే
దారం పంటికింద పెట్టుకోనే నవ్వినాడు.
“ఉన్న రెండూ పంచుకున్నాంలే పాపా,
తీసేది మనం, తోలేది వాళ్లు.”

గోనెగండ్లకు రెండు మైళ్ల ఇవతల మా ఊరు.
మా అబ్బ పేరు ఉరుకుందు.
ఇంటి ముందర సున్నపు గుంత,
తంగేడు చెక్క నానే బాన.
ఆ రెండు వాసనలూ నా జడలో ఉండేవి.
బడిలో నా పక్కన చోటు ఎప్పుడూ ఖాళీయే,
కాళ్లు చాపుకోని కూర్చునేదాన్ని.

అల్లరి పిల్లల్ని సారు “తోలు తీస్తా” అనేవాడు.
అన్నప్పుడల్లా
తరగతంతా నా తట్టు తిరిగేది.

రెడ్డి వాళ్ల మైల ఎద్దు చచ్చిపోతే
వాళ్లింట్లో ఒకపూట పొయ్యి వెలగలేదు.
మా ఇంట్లో నెల రోజుల పని.
సున్నంలో వేసి, వెంట్రుక గీకి,
తంగేడు నీళ్లలో తొక్కి తొక్కి
ఎర్రబడేదాకా...
“గోరింటాకు పండినట్లు పండాల” అనేది మా అవ్వ,
తన అరికాళ్లు చూపించి.

వీపు తోలు తొండానికి.
మెడది మందం, చెప్పు అట్టకు.
పొట్టది సాగుతాది, దేనికీ నిలబడదు.
మిగిలిన పేలికలు వారుకు, పలుపుకు, గంటల పట్టెడకు.
బతికున్నప్పుడు తిన్న దెబ్బలు
తోలు పండినాక గీతలై తేలేవి.
ఆ గీతలున్న చోట మాత్రం
అబ్బ చెర్నాకోల కోసేవాడు కాదు.
ఎందుకని అడిగితే
ఆరె పదును చూసుకునేవాడు.

చెప్పులు కిర్రుమనేట్లు కుట్టమని పెద్దింటోళ్లు చెప్పి పంపేవాళ్లు.
ఆ సద్దు వినబడితే మేం దారి పక్కకు జరగాల.
సద్దు కుట్టింది అబ్బ,
జరిగేదీ అబ్బే,
తన చెప్పులు చంకన పెట్టుకోని.

కపిల బాయి కాడ దప్పికైతే
దూరంగా గొంతుకూర్చోని దోసిలి పట్టాల,
పైనుంచి పోస్తారు.
ఆ నీళ్లు బాయిలోనుంచి
అబ్బ కుట్టిన కుట్లన్నీ తాకుతా వచ్చినవే.
తొండంలో ఉన్నంతసేపు లేని మైల
మా దోసిట్లోకి ఎట్లొచ్చిందో
లెక్కల పుస్తకం చివర జవాబుల్లో వెతికినాను.

తర్వాత కరెంటు మోటరొచ్చింది.
కళ్లంలో మాకు కొలిచే జొన్నలు ఆగిపోయినాయి.
ఒకరోజు పొద్దుగూకినాక
వాళ్ల జీతగాడు మద్దిలేటి
తొండం తెచ్చి మా గడప ముందర పడేసి,
“ఇంగ పన్లేదంట మామా” అని
కాసేపు నిలబడి పోయినాడు.

అబ్బ దీపం తెప్పించుకున్నాడు.
తొండాన్ని లోపల బయట తిప్పి
కుట్లు లెక్కబెట్టినాడు.
“ఒక్కటీ ఊడలేదు” అన్నాడు,
ఎవరో ఊడిందన్నట్లు.

రాత్రంతా నీళ్లలో నానేసి
తెల్లారి రంపెతో కోసినాడు.
చెప్పులకేమో అనుకున్నా.
సాయంత్రానికి నా పుస్తకాలకు సంచి.
“ఆడపిల్ల భుజానికి గొడ్డు బరువా!” అని
అవ్వ తిట్టింది, వారు పొడుగు తగ్గించమనింది,
మళ్లీ తనే ఆముదం పూసింది.

ఆ యేడు వాన ఒకటే పెద్దది.
తడిసి ముద్దై బడికి పోతే
అందరి పుస్తకాలూ అట్టల్లాగా ఉబ్బినాయి,
నావి పొడిగా ఉన్నాయి.
నీళ్లను బయటికి పోనియ్యని కుట్టు
వానను లోపలికి రానియ్యలేదు.

సారు ఆశ్చర్యపోయి
సంచి ఎత్తి బల్లమీద పెట్టుకున్నాడు.
అటు తిప్పి ఇటు తిప్పి
“ఏంది పాపా ఇది?” అన్నాడు.
“తోలు సార్” అన్నాను.
“కపిల తొండం. మా అబ్బ కోసినాడు.”

సంచి కింద పెట్టినాడు. మెల్లగానే పెట్టినాడు.
చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాడు.

వాన తడి తుడుచుకున్నాడో
ఇంకేదన్నానో
నలభై యేండ్లు దాటినా తేల్చుకోలేదు.