మాసిక

మెట్ల కింద నా అర్ర.
మైదా ఉడుకుతున్న గిన్నె, చిటికెడు మైలుతుత్తం,
సూది, దారం, మా నాయిన విడిచిపోయిన ఎముక మడతబద్ద.
అఫ్జల్‌గంజ్ లైబ్రరీల పాణం మీదికొచ్చిన పుస్తకాలన్నీ
ఆఖరికి నా కాడికే వస్తయి.

ఆ వారం వచ్చింది ఒక తెల్లదొర రాసుకున్న ప్రయాణం.
కొరియా అట.
వెన్ను విరిగింది. నడిమి పేజీలల్ల
వెండిపురుగు సొరంగం తవ్వుకుంట పోయింది.

నాకు ఇంగ్లీషు కూడబలుక్కునేంతే వచ్చు.
చేతులు కుడుతుంటే కండ్లు ఊకుంటయా, చదువుతయి.
దొర ఓడ దిగిండు. గుర్రం ఎక్కిండు.
ఊరు ఊరంతా తెల్లబట్టలే కట్టిందట,
ఎవరు సచ్చిండ్రని అడిగిండట.
గుర్రపు వెంట్రుకలతోటి అల్లిన టోపీలు,
లోపలి జుట్టుముడి కనవడేంత పల్చగ,
వానకు ఆగవు, ఎండకు ఆగవు, ఇవేం టోపీలని నవ్విండు.
బారెడు చిలుంగొట్టాలు చూసి
బద్ధకస్తులు అని ఒక్క ముక్కల తేల్చిండు.
మూడు పేజీలు పోయినంక
ఒక బద్ధకస్తుడు దొర పెట్టెలు వీపున మోసుకుంట కనుమ ఎక్కిండు.
దొర గుర్రం దిగలే.

చీకటిపడి గంట మోగితే మగవాళ్ళు ఇండ్లల్లకు,
ఆడవాళ్ళు లాంతర్లు పట్టుకొని బజార్లకు.
ఇది దొరకు అర్థంకాలే. నాకు మాత్రం నచ్చింది.

ఇగ రాత్రంతా కర్రల చప్పుడట.
బండమీద బట్ట పరిచి, ఇద్దరు ఎదురెదురుగ కూసొని
టకటక టకటక.
నిద్ర పట్టలేదు, మోటు మనుషుల మోటు సద్దు
అని రాసుకున్నడు.

ఈ మాటలు ఎక్కడనో చదివిన.
లేసి పోయి పైన బీరువా తీసిన.
గోలకొండకు వచ్చిన ఇంకో దొర.
అదే నవ్వు, అదే బద్ధకం, అదే మురికి,
అదే "ఆడవాళ్ళు మాత్రం చక్కనివాళ్ళు".
ఇద్దరి నడుమ ఎన్ని ఏండ్లో, ఎన్ని సముద్రాలో.
మాటల పెట్టె ఒక్కటే.
నాకు కోపమొచ్చింది. మంచిగనే వచ్చింది.

గప్పుడే ఆమె వచ్చింది,
తార్నాకల కొరియా భాష చెప్పే పంతులమ్మ, నమ్ సొల్‌హ్వా.
రిజిస్టరు ముందటికి జరుపుకుంట
నేనడిగిన మొదటి మాట:
చైనానా మేడమ్?

ఆటో పిల్లగాడు నేపాల్ అన్నడట,
కిరాణా కొట్టామె మణిపూర్ అన్నదట.
"ఈ రోజుకు మీరు మూడవ వారు"
అన్నది, ఒత్తులన్నీ సక్కగ పలుకుకుంట.
నా కోపం మైదాల పడ్డది.

పుస్తకం చూపిచ్చిన. వేరే ఏం తోచలే.
ఆమె వేలు కర్రల చప్పుడు కాడ ఆగింది.
"మా అమ్మమ్మ," అన్నది.
"ఆ చప్పుడు ఉంటేనే నాకు నిద్ర వచ్చేది."

కిటికీ అవతల మూసీ వాసన.
వంతెన దిగువ ఎవరో బండకు బట్ట కొడుతున్నరు.
ఇద్దరం జరసేపు ఇన్నం.
ఇదీ అదీ ఒక్కటేనని అనబోయిన.
కాదన్నది. మీది తడి చప్పుడు, మాది పొడి చప్పుడు.

మళ్ళ వారం ఒక కాగితం తెచ్చింది.
కంబళిచెట్టు బెరడుతోటి చేసిందట,
ఉల్లిపొర లెక్క ఉంది, చింపుదామంటే చిరగలే.
దీన్నే నూనె పట్టించి ఇంట్ల నేలకు పరుస్తరట.
దొర దానిమీద బూట్లతోటి నడిచిన ముచ్చట
అరవయ్యో పేజీల ఉంది.

పురుగు ఎక్కువ తిన్నది బద్ధకస్తుల కాడనే.
మాట సగం పోయింది.
పోయిన అక్షరాన్ని మేము రాయొద్దు,
బొక్క పూడ్చాలె, అంతే. మా నాయిన చెప్పిన పద్ధతి.
వాళ్ళ కాగితాన్నే సన్నగ చీల్చి
దొర మాటకు మాసిక వేసిన.
ఎలుగుకు పట్టి చూస్తే
ఆ సగం మాట పక్కన నారలు కనవడుతయి.

ఆమె గోడకు ఆనుకొని చిన్న నోటుబుక్కు తీసింది.
నా దిక్కు చూసింది, గిన్నె దిక్కు చూసింది,
మళ్ళ నా దిక్కు చూసి ఏదో రాసుకుంది.
గీతలు, సున్నలు, గీతలు.
ఒక్కటి సుత తెలువలే.

ఏం రాసినవమ్మా అని అడుగుదామనుకున్న.
అంగీ మీది మైదా తుడుసుకున్న.