ఏడు శనగలు

మాంటెవీడియోలో జులై అంటే ఎముకలు కొరికే చలి.
పొద్దున్న ఆరింటికి ఇంకా నడిరాత్రే.
నది మీంచి గాలి లేచి
కిటికీ సందుల్లో వేళ్లు దూరుస్తుంది.

నేను అనిసేతోని. ఫ్రిజ్‌లు బాగుచేస్తాను.
మూడేళ్ల కిందట, నా నలభై తొమ్మిదో ఏట
మాంసం కొట్టు ఆసామి ఒకడు
బాకీ డబ్బుకి బదులు ఈ పెట్టె నా చేతిలో పెట్టాడు.
బాండోనియన్.
డెబ్బై ఒక్క మీటలు.
తిత్తి సాగదీస్తూ నొక్కితే ఒక స్వరం,
మూస్తూ నొక్కితే అదే మీట మాట మార్చేస్తుంది,
అచ్చం ఆ ఆసామి లాగే.

మొదట్లో ఆదివారాలే వాయించేవాణ్ణి.
నాలుగేసి గంటలు, భుజాలు పడిపోయేదాకా.
పాట మొదట్నుంచీ అందుకుని
తప్పిన చోటే తప్పి,
సిగ్గుపడి, మళ్లీ మొదట్నుంచీ.
ఎదెల్మీరా టీచరమ్మ, ఎనభై దాటిన మనిషి,
మాతే పీలుస్తూ అంతా విని అంది:
"చాలా కష్టపడ్డావు నాయనా.
ఆ తప్పు నీకు కంఠతా వచ్చేసింది."

లేచి వంటింట్లోకి వెళ్లి
గుప్పిట్లో శనగలు తెచ్చింది. ఏడు లెక్కపెట్టింది.

రోజూ అరగంట. గంట వద్దు.
ముందు ఏ మీటా నొక్కకు,
బొటనవేలితో గాలి రంధ్రం తెరిచి
పెట్టెని ఊపిరి పీల్చనీ, వదలనీ.
దానికీ నిద్రమత్తు దిగాలి కదా.
తర్వాత, పాట కాదు,
నువ్వు తడబడే ఆ నాలుగు స్వరాలే.
నత్తకి విసుగు పుట్టేంత నిదానంగా.
సరిగ్గా వచ్చిందా, ఒక శనగ
ఈ కప్పులోంచి ఆ కప్పులోకి.
తప్పిందా, అన్నీ వెనక్కి.

ఆరు దాకా నల్లేరు మీద నడక.
ఏడో గింజ దగ్గర వేలికి ఏమవుతుందో!
ఎన్ని పొద్దుటలు
ఆరు శనగలు టకటకా వెనక్కి దొర్లాయో
ఆ పింగాణీ కప్పుకే తెలుసు.

ఒకరోజు బడ్డీ హోటల్లో
ఫ్రిజ్ వెనక మోకాళ్ల మీద కూర్చుని
రాగి గొట్టానికి సబ్బునీళ్లు రాస్తున్నాను.
గ్యాస్ పోయేది ఎక్కడో ఒక్కచోటే.
అక్కడ బుడగ లేస్తుంది.
దానికోసం యంత్రమంతా విప్పిపోసే మెకానిక్కుని
నేనే తిడతాను.
ఎదెల్మీరా నాకు నా పనే నేర్పుతోంది.

జనవరిలో ఎండలు మండాయి,
ఊళ్లో ఫ్రిజ్‌లన్నీ ఒక్కసారే చచ్చాయి.
పదకొండు రోజులు పెట్టె మూత తియ్యలేదు.
పన్నెండో రోజు వేళ్లు
పరాయి మనిషి చేతివి.
వెళ్లి చెప్పుకున్నాను.
"ఒళ్లు పులిసిన రోజున
ఒళ్లో పెట్టుకుని ఒక్క ఊపిరి తీయించు. మూసెయ్."
అది లెక్కలోకి వస్తుందా అన్నాను.
"అదే లెక్క" అంది.
అని మాతే చల్లారిందని నన్ను తిట్టింది.

పై అంతస్తులో సుల్మా ఉంటుంది, రాత్రి డ్యూటీ నర్సు.
ఆరూ నలభైకి ఆమె తలుపు పడుతుంది ధడేల్మని.
అదే నా గంట. అక్కడితో ఆపేస్తాను.
ఆసుపత్రి కళ్లు మూతపడాలి కదా.

నిన్న ఆ చప్పుడు రాలేదు.
ఏడూ అయిపోవస్తోంది. కప్పులో ఆరు గింజలు.
ఏమైందోనని తలుపు తీస్తే
మెట్టు మీద కోటుతోనే కూర్చుని ఉంది,
బూట్లు చేతిలో పట్టుకుని.

"ఆపేశావేం" అంది.
"ఆరు అయ్యాయి. రోజూ ఏడు కదా?
లేకపోతే ఆరు దగ్గర తప్పుతావు."

నేనేం మాట్లాడలేదు.
తలుపు వేయకుండానే లోపలికొచ్చి
తిత్తి తెరిచాను.