కర్త లేని వాక్యం

కీల్పాక్ ఆసుపత్రిలో నా పని
తమిళాన్ని తెలుగు చెయ్యడం.
సూళ్ళూరుపేట, గూడూరు, వెంకటగిరి నుంచి
తెల్లారి రైలుకి దిగే రోగాలన్నీ
ముందు నా నోట్లోంచే పోవాలి.

లీగల్ వాళ్ళు ఒక కాగితం ఇచ్చారు, లామినేషన్ చేసి.
ఏదైనా అటూ ఇటూ అయితే
'పొరపాటు జరిగింది' అను,
'పొరపాటు చేశాం' అనకు.
ముత్తుకుమరన్ సారుకి తెలుగు అంతంత మాత్రం,
అయినా మన వ్యాకరణంలో దాక్కునే చోటు ఎక్కడుందో
భలే కనిపెట్టాడు.
వాన పడింది, పొద్దు పోయింది, పొరపాటు జరిగింది.
ఎవరూ చెయ్యకుండానే.

ఆరేళ్ళు అలాగే అన్నాను.
పెద్ద సంగతేం కాదు, ఒక్క క్రియ.

నాంచారమ్మ వచ్చింది థైరాయిడ్ ఆపరేషన్‌కి.
మెడ మీద గాటు చక్కగా మానింది.
కుడిచేతి సూదిలోంచి కాల్షియం
నరం తప్పి, చర్మం కింద చేరి
రాత్రంతా కాల్చింది.
బెల్లు కొట్టింది. మళ్ళీ కొట్టింది.
మూడో వార్డుకి ఆ రాత్రి నర్సు ఒక్కతే,
మంచాలు ముప్పై నాలుగు.
పొద్దుటికి చెయ్యి వంకాయ రంగు.
పన్నెండో రోజుకి రెండు వేళ్ళు లేవు.

ఆ పన్నెండు రోజులూ చెంగల్రాయుడు
కనబడిన ప్రతి తెల్లకోటునీ అడిగాడు.
కోట్లు నడక పెంచాయి.
నేను 'జరిగింది' అన్నాను.
అతను నా నోటికేసి చూశాడు,
నకిలీ జరీని చూసినట్టు.

పదమూడో రోజు డాక్టర్ ఇళవేనిల్
ఆపరేషన్ టోపీతోనే వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది.
వెనక వకీలు లేడు. చేతిలో ఫైలుంది.
"ఎంగ తప్పుదాన్" అంది.
బెల్లు ఎప్పుడెప్పుడు మోగిందో
గంటలు నిమిషాలతో సహా చదివింది.
నా వైపు తిరిగింది.

నా నాలుక అలవాటుగా 'జరి' దాకా వెళ్ళింది.
ఆగింది.
ఫ్యాను తిరుగుతోంది. పూనమల్లి రోడ్డు మీద బస్సు హారను.
"మేమే చేశాం" అన్నాను.
ఆ 'మేము'లో నేనూ ఉన్నానని
అన్నాక తెలిసింది.

చెంగల్రాయుడు అరవలేదు.
"ఎన్నిసార్లు మోగిందన్నావమ్మా?"
"పదకొండు."
"పదకొండంట" అన్నాడు, భార్యకి అప్పజెప్పినట్టు.
చొక్కా జేబులోంచి వకీలు నంబరు రాసిన చీటీ తీశాడు,
మడత విప్పి చూసుకుని, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు.
"చించను. నిన్నటిదాకా అయితే కోర్టుకే పోయుంటా.
ఇప్పుడు ఆలోచించాల."

నాంచారమ్మ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అంది:
"పోగు తెగిందని చెప్తే మగ్గం ఆపి అతుక్కుంటాం.
చెప్పకుండా నేస్తే
చీర పొడుగునా ఆ గీత వస్తానే ఉంటాది.
అయినా నా వేళ్ళు అతుక్కోవులే."
ఆ చివరి మాట డాక్టరమ్మకి చెప్పమంది.
చెప్పాను. ఒక్క అక్షరం మెత్తబరచకుండా.

పరిహారం ఎంతో ఇంకా తేలలేదు.
నాకు మెమో వచ్చింది,
సంస్థకి బాధ్యత తగిలించానని.
జవాబు ఏ భాషలో రాయాలో అందులో లేదు.
మొదటి వాక్యం తెలుగులో పెట్టాను:
'ఆ మాట నేనే అన్నాను.'
లామినేషన్ కాగితం ఇంకా గోడకే ఉంది.
గోరుతో గీకి చూశాను,
అక్షరం పోవడం లేదు.