చేప ముల్లు

ఫారో దీవుల్లో, క్లాక్స్‌విక్ రేవులో
టికెట్ల గదిలో కూర్చున్న రన్‌వా
చేతిలో అరచేతంత యంత్రం.
దాని పుల్ల పోయిన చలికాలం నుంచీ
ఎండిన చేప ముల్లుతోనే తెరని పొడుస్తుంది.

పొద్దున్నే నూట నలభై ఉత్తరాలు.
ముక్కూ మొహం తెలియనివాళ్లంతా
కోట్లు రాసిచ్చేస్తామని ఒకటే బతిమాలడం.
"ఇంతమంది ధర్మాత్ములున్న లోకంలో
నా పడవ ఇంజనుకి అప్పు పుట్టదేం?"

ఒక జల్లెడ కట్టింది.
'ఉచితం' అంటే బయటికి.
'అర్జెంట్' అంటే బయటికి.
వారం రోజులు పెట్టె కడిగిన పళ్లెంలా ఉంది.

ఎనిమిదో రోజు అవతలి దీవి నుంచి
గొర్రెల హానుస్ తడి బూట్లతో లోపలికొచ్చాడు.
"అర్జెంటని మూడుసార్లు రాశానే!
పొట్టేలు పడవెక్కాలి.
దానికి ఉచితమేనా అని కూడా అడిగాను."

రన్‌వా నవ్వలేదు. ముల్లు తుడుచుకుని
రెండు మాటల్నీ జల్లెడలోంచి తీసేసింది.
పొట్టేలుకి సగం టికెట్టు కొట్టింది.

ఆ రాత్రి మళ్లీ కోట్లు వచ్చిపడ్డాయి.
తాలు చెరిగినట్టు
ఒక్కొక్కటే పొడిచి పారేస్తోంది.
ఒకచోట 'అర్జెంట్'.
ముల్లు ఆగింది.
కళ్లద్దాలు పైకి తోసి
చివరిదాకా చదివింది.

కాదు,
పొట్టేలు ఊసే లేదు.