వేబిల్లులో రాయని సంపెంగ

తాడిపత్రి డిపోలో క్యాష్ కౌంటర్ నాది.
మనుషుల కంటే ముందు
వాళ్ళు తెచ్చే నోట్లు పరిచయమవుతాయి నాకు.
సిమెంటు ఫ్యాక్టరీ షిఫ్టు బస్సువి
వేళ్ళకు బూడిద అంటిస్తాయి.
సంతరోజు పదులన్నీ ఎండుచేపలే.
పెద్దపప్పూరు ట్రిప్పులో ఎప్పుడూ ఒక నోటు
ఎవరి రైకలోనో తడిసి, ఇంకా వెచ్చగా.

రాత్రి తొమ్మిదిన్నరకు యాడికి సర్వీసు లెక్క.
కట్టకున్న రబ్బరు బ్యాండు అలా తీస్తానో లేదో
సంపెంగ.

మొదటిసారి, పూలబుట్ట ఎవరైనా దించారేమోనని
కిటికీలోంచి తొంగి చూశాను.
అవతల కుళ్ళాయమ్మ.
ఖాకీ కోటు, అరిగిన చెప్పులు, టికెట్ల మిషను.
"బిన్నా లెక్కపెట్టు మేడమ్,
కాళ్ళు పీక్తాండాయి" అంది.
నవ్వలేదు.

నేనెరిగిన సంపెంగ వేరు.
పెళ్ళిపందిట్లో పట్టుచీర చాటున మెల్లగా నడిచేది,
అడిగితే తప్ప పేరు చెప్పనిది.
ఇది ఫుట్‌బోర్డు మీద నిలబడి
"లోపలికి జరుగు, నీ జాగీరా?" అని కసిరే సంపెంగ.
రూపాయి చిల్లర ఎగ్గొట్టదు, ఎగ్గొట్టనివ్వదు.
తాగి ఎక్కినోణ్ణి కాలరు పట్టి రాయలచెరువు కాడ దించి,
వాడి చెప్పొకటి బస్సులో ఉండిపోతే
రెండో విజిలేసి బస్సాపి
గురిచూసి వాడి కాళ్ళ ముందుకే విసిరే సంపెంగ.

తొలి వారమే ఎవడో అడిగాడట,
వెనక సీట్లోంచి, అందరికీ వినబడేట్టు:
"ఇంత వాసనేసుకోని యాడికి అక్కా?"
"యాడికికే" అందట టికెట్టు చింపుతూ.
"నువ్వు యాడికి? డబ్బులు తీయ్."
డ్రైవరు నవ్వాపుకోలేక
గేరు తప్పేశాడని డిపోలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఒక రాత్రి లెక్క మధ్యలో కరెంటు పోయింది.
నోట్లు నా చేతుల్లో, ఆమె చీకట్లో.
అడగలేదు నేను. ఆమే చెప్పింది.

"మా ఆయప్ప ఇదే డిపోలో డ్రైవరు, నీకు తెల్సు గదా.
ఆయప్ప పోతే ఈ ఉద్యోగం ఇచ్చిరి.
పదకొండో దినం మా యారాలు
నా తల్లో కనకాంబరాలు తెంపేసి
ఇంగ ఈ జల్మకు పూలు ముట్టగాకు అనె.
సరే అంటి. ఇంతవరకు ముట్టల్యా.
పూల సంగతి చెప్పిరి గానీ
వాసన సంగతి ఎవురూ చెప్పల్యా మేడమ్."

అనంతపురం పాతూర్లో పీరాసాబు కొట్టు.
చిటికెనవేలంత సీసా, నూలు బిరడా.
మెడకు రాసుకోదట, చెవి వెనకా రాసుకోదు.
తోలుసంచి పట్టాకు,
సరిగ్గా భుజం ఒరుసుకునే చోట
పొద్దున్నే ఒక్క చుక్క.
ఒంటి మీదుంటే నలుగురూ నోరు చేసుకుంటారు,
సంచిని ఏమంటారు?

కరెంటొచ్చింది.
ఆమె మొహం మళ్ళీ కండక్టరు మొహమైంది.
"ఎనిమిది రూపాయలు తక్కువొచ్చినాయా?
నా లెక్కలో రాసుకో."

పొద్దున్నే ఆ కట్టలు బ్యాంకుకి పోతాయి.
అక్కణ్ణించి కూలికి, కూరగాయలకు, చీటీపాటకు.
ఎన్ని చేతులు మారాయో ఏమో గానీ
అందులో ఒక పది
ఎప్పుడో ఒకప్పుడు ఆ యారాలి కొంగుముడిలో చేరి
రాత్రంతా ఆమె తలగడ పక్కన
పూసే ఉంటుంది.
ఈ మాట కుళ్ళాయమ్మతో అనలేదు. అంటే
ఆ పది నంబరెంతో చెప్పమంటుంది.

మొన్న కట్ట విప్పితే మల్లె.
తలెత్తి చూశాను.
ఆమె అప్పటికే కోపంగా ఉంది.
"సంపెంగ అయిపాయె అని
ఈ సీసా అంటగట్టినాడు పీరాసాబు.
ఇదేం వాసన మేడమ్? శానా మెత్తన.
ఇది పూసుకుంటే నన్ను నేనే
సీటుంటే కూచ్చోమ్మా అనేట్టుండాను.
రేపు వీక్లీ ఆఫ్.
పోయి వాపసు ఇచ్చొస్తా."

పీరాసాబును నేనెప్పుడూ చూడలేదు.
ఎందుకో ఆ రాత్రి
ఆయన మీద జాలేసింది.